లైబ్రరీలో రెండో బిళ్ల

దయ్యాలంటే నాకు మొదటినుంచీ విసుగు. భయం కాదు, విసుగు. పట్టణ ప్రణాళిక ఉద్యోగంలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషిని. శ్మశానాల పక్కన లేఔట్లు చూడ్డానికి వెళ్లాను. పాడుబడ్డ బంగళాల్లో టేపు పట్టుకుని ఒక్కదాన్నే తిరిగాను. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు "మేడమ్, అక్కడ ఏదో ఉందంటారు" అని గొంతు తగ్గించేవారు. ఉంటే దాని పొడవూ వెడల్పూ చెప్పండి, ప్లానులో చూపిస్తాను అనేదాన్ని. ఇది చదివి నన్ను కూడా ఆ గొంతు తగ్గించేవాళ్లలో కలపొద్దని మనవి.

పైగా ఇందులో నేను కళ్లారా చూసింది ఏమీ లేదు. అది ముందే చెప్పేస్తున్నాను. చూసినవాళ్లు వేరే.

ఎనభైల మొదట్లో సంగతి. మాది డోర్నకల్, నాన్న రైల్వేలో పనిచేసేవాడు. ఇంజనీరింగ్ అయ్యాక పట్టణ ప్రణాళికలో పీజీ చేయడానికి వరంగల్‌లో ఒక కాలేజీలో చేరాను. హాస్టల్లో ఉండేదాన్ని. మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో పిల్ల నస్రీన్. కాశిబుగ్గ నుంచి రోజూ సిటీ బస్సులో వచ్చేది.

నస్రీన్ చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి మగ్గాల ఇళ్లకు కండెలు చుట్టి, అంటే నేతకు కావలసిన నూలును చిన్న చిన్న గొట్టాలకు చుట్టిచ్చి, కూతుర్ని చదివించింది. ఆమెను నేను చాచీ అని పిలిచేదాన్ని. నస్రీన్ మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. నా మాటతీరును పట్టుకుని ఏడిపించేది. "మీ డోర్నకల్ జంక్షన్ల అన్ని భాషలు దిగుతయ్, నీకు ఒక్కటన్న సక్కగ ఎక్కలే" అనేది. నేను తన చెప్పులను వెక్కిరించేదాన్ని. ఒక చెప్పు పట్టీ తెగితే కొత్తవి కొనకుండా మగ్గం ఇంటినుంచి తెచ్చిన ఎర్రనూలుతో ముడేసుకుంది. ఆ ముడితోనే ఏడాది నెట్టుకొచ్చింది.

థీసిస్‌కు ఇద్దరం కాశిబుగ్గనే ఎంచుకున్నాం. మురుగు కాలువలు నావి, ఇళ్లూ వీధులూ తనవి. ఆమె చెప్పదలచుకున్నది సూటిగా ఉండేది. నేతవాళ్ల వీధిలో పొద్దున్నే పడుగు పడతారు. మగ్గానికి ఎక్కించే దారాలను వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెడతారు. కాబట్టి ఆ వీధి ఖాళీ జాగా కాదు, పని చేసుకునే గది, కప్పు లేదంతే. మా చదువు చదివినవాళ్లు మాత్రం దాన్ని పటంలో తెల్లగా వదిలేసి, రోడ్డు వెడల్పుకు పనికొస్తుందని రాస్తారు. ఆ వీధులను మొదటినుంచీ పడుగు కోసమే అంత తిన్నగా, అంత పొడుగ్గా వదిలారని నస్రీన్ రుజువు చేయాలి. దానికి పాత పటం కావాలి.

మా గైడు సార్ లైబ్రరీ పని నేర్పడంలో గట్టివాడు. పేరుతో వెతకొద్దు, సంగతితో వెతకండి అనేవారు. వీధి గురించి కావాలంటే వీధుల కార్డు ఒక్కటి చూసి లేచి రావొద్దు, రోడ్లు, ఆరోగ్యం, జనాభా, చేనేత, ఆ డ్రాయర్లన్నీ లాగాలి. సర్కారు రిపోర్టుకు రచయిత ఉండడు, శాఖ ఉంటుంది, శాఖ పేరు కింద చూడాలి. కొత్త పుస్తకం చేతికొస్తే ముందు చివరి పేజీలు తిప్పాలి. దాన్ని రాసినవాళ్లు ఏ పాత పుస్తకాలు చూశారో అక్కడ ఉంటుంది, అక్కణ్నుంచి వెనక్కి పోతూ ఉండాలి. కావలసిన పుస్తకం తీసుకుని వచ్చేయకుండా షెల్ఫులో దాని ఇరుగుపొరుగును కూడా పలకరించాలి. వెతికి దొరకని చోటుకు ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే తెలియకుండానే అక్కడే మళ్లీ మళ్లీ వెతుకుతాం. ఇవన్నీ తర్వాత నా ఉద్యోగంలోనూ పనికొచ్చాయి.

ఆయన నేర్పనిది ఒకటుంది, అది మేమే నేర్చుకున్నాం. పుస్తకం దాచడం. రిఫరెన్సు పుస్తకాలు ఇంటికివ్వరు, కాపీ ఒక్కటే ఉంటుంది, క్లాసంతా దానికోసమే చూస్తుంటుంది. అందుకని సాయంత్రం లేచేముందు ఎవరికి కావలసిన పుస్తకాన్ని వాళ్లు వేరే షెల్ఫులో ఎక్కడో దూర్చి వచ్చేవాళ్లం. దాచినవాళ్లు చోటు చెప్పకూడదు, దొరకబుచ్చుకున్నవాళ్లను తిట్టకూడదు. ప్రాణస్నేహితులైనా ఇదే రూలు. నేను కాలువల పుస్తకాన్ని రష్యా నుంచి వచ్చిన లెక్కల పుస్తకాల వెనక పెడితే నస్రీన్ ఇట్టే పట్టేసింది. ఆమె దాచినవి మాత్రం మాలో ఎవరికీ ఎప్పుడూ దొరకలేదు.

తనకు కావలసిన పాత పటం నిజాం కాలం నాటి ఒక సర్వే సంపుటంలో ఉంది. పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ బైండు, లోపల మడత పటాలు. ఒకరోజు టేబుల్ మీద పటం విప్పి, కాశిబుగ్గ వీధుల మీద వేలు పెట్టి నాకు చూపించింది. ఆ సాయంత్రమే దాన్ని దాచేసింది.

ఆ వానాకాలంలో నస్రీన్‌కు కామెర్లు వచ్చాయి. ముందు పసరు మందు పోయించారు, తర్వాత పెద్ద దవాఖానలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పుస్తకం మాట నా నోటిదాకా వచ్చింది. జబ్బు మనిషిని అడగడం ఏమిటని మింగేశాను. ఆమే ఎత్తింది. "బుక్కు ఎదకకు, నీతోని కాదు. నేనొచ్చినంక తీసిస్త" అంది. తర్వాత తను రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ నిజం. వాళ్లింట్లో ఆడవాళ్లంతా ఏడుస్తుంటే నేను గోడకు ఆనుకుని, ఆ గదికి గాలి ఎటునుంచి వస్తుందా అని చూస్తున్నాను. హాస్టల్‌కు వచ్చి అన్నం తిన్నాను. మర్నాడు క్లాసుకు వెళ్లాను. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేదాన్ని, ఆ గొంతు నాది కాదనిపించేది. లోపలంతా మొద్దుబారిపోయింది. పన్ను పీకేముందు సూది వేస్తే పెదవి ఉండీ లేనట్టు ఉంటుందే, మనిషంతా అలా ఉన్నాను.

కొన్నాళ్లకు గైడు సార్ నన్ను గదికి పిలిచారు. ఇద్దరి పనీ కలిపి ఒకే థీసిస్‌గా ఇవ్వడానికి కమిటీని ఒప్పించానని చెప్పారు. మొదటి పేజీలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. కానీ నస్రీన్ అధ్యాయం పూర్తిగా ఉండాలి, అందులో ఆ పటం ఉండాలి. "పటం లేకపోతే అది ఒట్టి మాటల కిందే లెక్కమ్మా. అధ్యాయం నిలబడకపోతే పేరు పెట్టలేను" అన్నారు. ఆయన హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు ఉత్తరం కూడా రాశారు. పాత సంపుటాలు సర్దుతున్నాం, ఇప్పట్లో తీయలేం అని జవాబు వచ్చింది.

ఈ మాట చెప్పడానికి కాశిబుగ్గ వెళ్లాను. చాచీ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే విన్నది. "నా పిల్ల పేరు బుక్కు మీద వడ్తదా బిడ్డా?" అని అడిగింది. పడుతుంది చాచీ అన్నాను. ఎలా పడుతుందో నాకు తెలియదు. అన్నాను కాబట్టి ఇక వెతకాలి.

మర్నాటినుంచి మధ్యాహ్నాలన్నీ లైబ్రరీలోనే. సార్ నేర్పిన పద్ధతినే పట్టుకున్నాను. వెతికిన షెల్ఫు అంచున చాక్‌పీసుతో చిన్న గీత గీసేదాన్ని. అన్నిటికంటే ముందు వెతికింది వెనకమూల ఉన్న దానం పుస్తకాల షెల్ఫు. ఎవరో పెద్దాయన పోతే వాళ్లవాళ్లు ఇచ్చిన పుస్తకాలు అవి. హోమియోపతి, గుర్రాల వైద్యం, ఇంకా ఏవేవో. అటు ఎవరూ పోరు. దాచాలనుకునే ఎవరికైనా మొదట తట్టే చోటు అదే. ముందువరసా వెనకవరసా అన్నీ దించి, దులిపి, మళ్లీ పెట్టాను. లేదు. గీత గీసి పక్క షెల్ఫుకు వెళ్లాను.

లైబ్రరీ గుమ్మం దగ్గర సంచులు తీసుకునే బల్ల ఉండేది. అక్కడ అంతకుముందున్న ముసలాయన మానేశాడు. నస్రీన్ పోయాక లచ్చవ్వ అనే ఆమె కొత్తగా చేరింది. మరిపెడ దగ్గర పల్లె, భర్త పోతే ఆ ఉద్యోగం వచ్చింది. నస్రీన్‌ను ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇది గుర్తుంచుకోండి. సంచి ఉన్నా లేకపోయినా లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక రేకు బిళ్ల ఇవ్వాలని, సాయంత్రం బిళ్లలన్నీ తిరిగొస్తేనే తలుపులు మూయాలని ఆమెకు చెప్పారు. కొత్త ఉద్యోగం కదా, ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించేది.

ఒకరోజు లచ్చవ్వ నా చేతిలో రెండు బిళ్లలు పెట్టింది. నా వెనకాల ఎవరో వస్తున్నారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. పొరపాటున ఇచ్చిందనుకుని ఒకటి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాను. తర్వాత రోజు మళ్లీ రెండు ఇచ్చింది. ఈసారి నేను తిరిగి ఇవ్వబోతే కసురుకుంది.

"నీ దోస్తు బిళ్ల గూడ నువ్వే వట్టుకో. గా పిల్ల ఆగకుంట పోతాంది. రేపు లెక్క తప్పితే నన్ను అంటరు."

ఎవరో ఇంకో క్లాసు పిల్ల నాతోపాటు లోపలికి దూరుతోందనుకున్నాను. ఆ రోజుల్లో నా పక్కన ఎవరు నడిచినా నాకు పట్టేది కాదు. రెండు బిళ్లలూ తీసుకోవడం, సాయంత్రం రెండూ ఇచ్చేయడం అలవాటైపోయింది. అలా చాలా రోజులు గడిచాయి. దాని గురించి ఆలోచించలేదు కూడా.

ఆలోచన యాదగిరన్న వల్ల మొదలైంది. యాదగిరన్న పుస్తకాలు సర్దే మనిషి. మా ఇద్దర్నీ మొదటినుంచీ ఎరిగినవాడే. నస్రీన్ చావుకు వచ్చాడు కూడా. చదివిన పుస్తకాలను టేబుల్ మీదే వదిలితే ఆయన వచ్చి పట్టుకెళ్లేవాడు. ఈమధ్య నా టేబుల్ వైపు రావడం లేదు. పుస్తకాలు గుట్టపడిపోతున్నాయి. ఏమన్నా, నా మీద కోపమా అని అడిగాను.

"కోపమెందుకు తల్లీ" అన్నాడు. పక్కకు చూస్తూ, "మీ ఇద్దరి కాడికి నేను రాలేను. మీరు చదువుకోండ్రి, బుక్కులు నేను మాపటికి తీస్త" అన్నాడు.

ఇద్దరేమిటని అడిగాను. నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నేనేం జూడలే, నాకేం ఎరుక లేదు అన్నాడే తప్ప ఇంకో ముక్క రాల్చలేదు. కొన్నాళ్లకు పైఅంతస్తుకు మార్పించుకున్నాడు.

అప్పుడు లచ్చవ్వ దగ్గరికి వెళ్లాను. మామూలుగా అడుగుతున్నట్టే, నాతో వచ్చే పిల్ల ఎట్లా ఉంటుంది లచ్చవ్వా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీ దోస్తు ఎట్లుంటదో నన్నడుగుతానవా? సన్నగ ఉంటది. మాట్లాడది. చెప్పుకు ఎర్రనూలు కట్టుకున్నది. కొత్త చెప్పులు కొనిపియ్యరాదు జర?"

నాకు ఒళ్లు జలదరించలేదు. గుండె దడదడలాడలేదు. సరే అని లోపలికి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. పుస్తకం తెరిచి అందులోని ఒకే వాక్యాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ చెప్పు గురించి లచ్చవ్వకు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారని ఆలోచించాను. క్లాసు అబ్బాయిలకు ఆడపిల్లల చెప్పుల సంగతి తెలియదు. యాదగిరన్న చెప్పి ఉండొచ్చు. కానీ ఎందుకు చెబుతాడు? నన్ను ఏడిపించాలని చూసే మనిషి కాదు.

ఆ పిల్ల చనిపోయిందని లచ్చవ్వకు చెప్పలేదు. చెబితే భయపడుతుందని కాదు. చెబితే రెండో బిళ్ల ఇవ్వడం మానేస్తుందని. అప్పటికి ఆ బిళ్ల నాకు కావలసి వచ్చింది.

అప్పటినుంచి నా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచేదాన్ని. ఎవరైనా కూర్చోబోతే మనిషి ఉంది అనేదాన్ని. షెల్ఫుల మధ్య నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగేదాన్ని. కిటికీ అద్దంలోకి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. చెప్పుల చప్పుడు లేదు, వాసన లేదు, కథల్లో చెప్పే చల్లగాలి లేదు. ఫ్యాను తిరిగే చప్పుడూ, ఎవరో దగ్గే చప్పుడూ, అంతే. ఖాళీ కుర్చీని చూసి చూసి నాకు మొదటిసారి కోపం వచ్చింది. దారిన పోయే లచ్చవ్వకు కనిపిస్తావు, పుస్తకాలు మోసే యాదగిరికి కనిపిస్తావు, నేనేం పాపం చేశాను అని లోలోపల తిట్టుకున్నాను. ఆమె పోయాక నాకు తెలిసి నేను పడ్డ మొదటి బాధ అదే. దాన్ని బాధ అనొచ్చో లేదో కూడా తెలియదు.

సంపుటం మాత్రం దొరకలేదు. షెల్ఫుల అంచులన్నీ గీతలతో నిండిపోయాయి. క్లాసులో ఒక్కొక్కర్నీ పట్టుకుని అడిగాను, ఎవరి దగ్గరైనా ఉంటే ఇచ్చేయండి, రూలు పక్కన పెట్టండి అని. అందరూ లేదన్నారు. ఆమె పేరు కోసమని తెలిశాక దాచుకునేంత చెడ్డవాళ్లు మా క్లాసులో లేరు. గడువు దగ్గరపడుతోంది. గైడు సార్ ఇక చాలు, మీ భాగం ఒక్కటే టైపుకు ఇచ్చెయ్యండి అన్నారు. సరే అన్నాను. ఆ మధ్యాహ్నం నా కాయితాలు తెచ్చుకుందామని లైబ్రరీకి వెళ్లాను. వెళ్లేటప్పుడు కూడా లచ్చవ్వ రెండు బిళ్లలే ఇచ్చింది.

కాయితాలన్నీ సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చి రెండు బిళ్లలూ బల్ల మీద పెట్టాను. లచ్చవ్వ ఒకటే తీసుకుంది.

"ఇంకోటి నీ కాడనే ఉండనియ్. గామె ఇంక లోపల్నే ఉన్నది గద. ఇడిసిపెట్టి పోతానవా?"

ఎక్కడుందని అడిగాను. ఆమె బల్ల పక్కన గోడకు జాలీ కిటికీ ఉంది. అందులోంచి వెనకమూల కనిపిస్తుంది. లచ్చవ్వ తల కూడా పూర్తిగా తిప్పకుండా, బిళ్లలు లెక్కపెడుతూ, "గా మూలకు నిలవడ్డది. నువ్వు వస్తవని సూస్తాంది" అంది.

జాలీలోంచి చూశాను. దానం పుస్తకాల షెల్ఫు, దాని మీద కిటికీ వెలుగు. మనిషి లేదు. అయినా లోపలికి వెళ్లాను. ఆ నడవలో కూడా ఎవరూ లేరు. షెల్ఫు అంచున నేను గీసిన గీత అలాగే ఉంది. గుర్రాల వైద్యం పుస్తకాల పక్కన, ముందువరసలో, అందరికీ కనిపించేలా ఆ ఎర్రబైండు సంపుటం నిలబెట్టి ఉంది. మిగతా పుస్తకాల కంటే జానెడు పొడుగు. అది అక్కడ ఉంటే గుడ్డివాడి చేతికైనా తగులుతుంది.

ఆ షెల్ఫు నేను మొదట్లో వెతికాను. పుస్తకాలన్నీ దించి వెతికాను. మొద్దుబారి ఉన్నాను కాబట్టి చూసి కూడా చూడలేదేమో అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కావచ్చు. ఎవరో దాచుకుని, నేను బతిమాలుతుంటే మనసు కరిగి, నోరు తెరవడానికి సిగ్గేసి అక్కడ పెట్టి పోయారేమో. అది కూడా కావచ్చు. కాకపోతే లచ్చవ్వకు ఆ పుస్తకం సంగతే తెలియదు. ఆమె నన్ను పుస్తకం దగ్గరికి పంపలేదు, మనిషి దగ్గరికి పంపింది.

పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. నస్రీన్ అని పిలిచాను, మెల్లగా. లైబ్రరీ కదా. పిలిచి ఆగాను. ఏమీ జరగలేదు. బయటికి వచ్చి రెండో బిళ్ల ఇచ్చేశాను.

మర్నాడు వెళ్తే లచ్చవ్వ ఒకటే బిళ్ల ఇచ్చింది. "ఏంది, ఇయాళ ఒక్కదానివే వచ్చినవ్?" అంది. ఊరికి పోయింది అని చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె నాకు రెండు బిళ్లలు ఇవ్వలేదు.

పటాన్ని కాపీ గీసుకున్నాను. నస్రీన్ చెప్పినట్టే ఉంది. వీధులు తిన్నగా, పొడుగ్గా, పడుగుకు సరిపోయేటట్టు. ఆమె చెప్పదలచుకున్నదాన్ని ఆమె మాటల్లోనే రాయడానికి ప్రయత్నించాను. కమిటీవాళ్లు ఒప్పుకున్నారు. ఇద్దరి పేర్లతో బైండు చేయించిన కాపీ ఒకటి తీసుకుని కాశిబుగ్గ వెళ్లాను.

చాచీకి చదువు రాదు. మొదటి పేజీ తెరిచి, ఏది నా పిల్ల పేరు అని అడిగింది. చూపించాను. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంది. సంతోషపడుతుందనుకున్నాను. సంతోషమో ఏమో, ఆమె మొహంలో నాకు ఏమీ కనిపించలేదు. ఆమె కూడా నాలాగే మొద్దుబారి ఉందని అప్పుడు అర్థమైంది.

చెప్పాలని అనుకుని వెళ్లలేదు. అయినా చెప్పేశాను. రెండు బిళ్లల సంగతి, యాదగిరన్న మాట, ఎర్రనూలు, మూలన నిలబడ్డ మనిషి, అంతా. చాచీ భయపడలేదు. అబద్ధమనలేదు. దువా చేయించాలని కూడా అనలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"కండ్లు పచ్చగనే ఉండెనా బిడ్డా?"

నాకు తెలియదు చాచీ, నాకు కనిపించలేదు అన్నాను. ఆమె తల ఊపింది. "నాకు గూడ కనవడది. కండ్లు మూస్తే దవాఖానల మొఖమే అగుపడ్తది, పచ్చగ. మంచిగున్నప్పటి మొఖం యాదికొస్తలేదు. ఎంత జేసినా వస్తలేదు" అంది. ఆ మాట మామూలుగానే అంది. నేను వినలేకపోయాను. అన్ని నెలల్లో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె మాత్రం ఏడవలేదు. పేజీ తడుస్తుందని పుస్తకాన్ని నా దగ్గర్నుంచి పక్కకు జరిపింది.

తర్వాత నా వెంట కాలేజీకి వస్తానంది. బుర్కా వేసుకుంది, బస్సులో వెళ్లాం. లైబ్రరీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయింది, అక్కర్లేదని చెప్పాను. లచ్చవ్వ ముందు నిలబడి, "నీకు అగుపడ్డది నా పిల్ల. వానల్ల కామెర్లతోని పోయింది" అంది.

లచ్చవ్వ చేతిలో బిళ్లల గుత్తి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. నా మొహంలోకి చూసింది, అబద్ధమని చెప్పమన్నట్టు. నేను తల వంచుకున్నాను. చాచీ మళ్లీ అదే అడిగింది, కండ్లు పచ్చగ ఉండెనా అని.

లచ్చవ్వ చాలాసేపు చాచీ వైపే చూసింది. తర్వాత లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"లేదక్కా. కండ్లు తెల్లగ ఉన్నయ్. మొఖం కడుక్కొని వచ్చినట్టు మంచిగున్నది. నువ్వు ఫికర్ జెయ్యకు."

చాచీ ఆ చేతిని పట్టుకునే మెట్ల మీద కూర్చుండిపోయి, అప్పుడు ఏడ్చింది. బస్సులో తిరిగి వెళ్తున్నప్పుడు, పిల్ల మొఖం యాదికొచ్చింది బిడ్డా అని నాతో అంది. బతికినన్నాళ్లూ ఆ మొహమే చెప్పుకుంది.

లచ్చవ్వ తర్వాత కొన్నాళ్లకే ఆ ఉద్యోగం మానుకుని వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. నేను మళ్లీ ఆమెను అడగలేదు. మిగతావాటికి నేను ఏదో ఒక కారణం అల్లుకోగలను, అల్లుకున్నాను కూడా. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు. కండ్లు తెల్లగ ఉన్నయ్ అన్న ఆ మాటను లచ్చవ్వ నస్రీన్‌ను చూసి చెప్పిందో, ఎదురుగా ఉన్న తల్లిని చూసి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.